గోపురం కంటే ముందు గుడిసె బడి

మెదక్ చర్చికి 2024 డిసెంబరు 25తో నూరేళ్లు నిండాయి. దాని గురించి ఎవరు రాసినా 175 అడుగుల గోపురంతోనో, కరువులో అక్కడ పని చేసి కడుపు నింపుకున్న కూలీలతోనో మొదలుపెడతారు. వెస్లియన్ మిషన్ పాదిరి చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో పని మొదలుపెట్టి పదేళ్లు కట్టించిన కట్టడం అది. చూడదగ్గదే. అయితే ఎల్లారెడ్డి, కామారెడ్డి పల్లెల వాళ్లకు ఆ గోపురం క్రిస్మస్‌కు బండ్లు కట్టుకొని పోయి చూసొచ్చేది. రోజూ ఎదురుగా ఉన్నది మాల మాదిగ వాడలోని మిషన్ బడి. దాని గురించి రాసినవాళ్లు తక్కువ.

వెస్లియన్ మిషన్ వాళ్లు ఇటు వచ్చేనాటికి నిజాం రాజ్యంలో చదువు ఎంత అన్యాయంగా ఉండేదంటే, 1931 జనాభా లెక్కల్లో కూడా అక్షరం వచ్చినవాళ్లు నూటికి అయిదుగురి దగ్గరే ఆగారు. సర్కారు బడి ఉంటే ఎక్కువగా పట్నంలో, అదీ ఎక్కువగా ఉర్దూలో. మాల మాదిగ పిల్లలకు అదీ లేదు. పగలంతా పశువుల వెంట, పొలాల్లో ఉండే పిల్లలు కనుక వాళ్ల కోసం మిషన్ పెట్టిన బడి చీకటి పడ్డాకే సాగేది. గుడిసెలో ఒక కందీలు, నాలుగు పలకలు, పలక లేనివాడికి నేల మీద పరిచిన ఇసుక. పంతులు కూడా చాలాచోట్ల ఆ కులాల నుంచే చదువుకొని వచ్చినవాడు. వారంలో ఆరు రోజులు బడి పంతులు, ఆదివారం ఉపదేశి. జబ్బు చేస్తే మందు తెచ్చేదీ, కచేరీకి అర్జీ రాసేదీ అతనే. వాడలో కాపురం ఉండే పంతులు దొరకడమే పెద్ద సంగతి. జీతం తీసుకొని నెలకోసారి మొహం చూపించే పంతుళ్లను మనం తర్వాత కూడా చాలామందినే చూశాం.

మతం కోసమే బడి పెట్టారు కదా అంటారు. అవును, దాచిందేమీ లేదు. ప్రార్థన లేకుండా పాఠం మొదలయ్యేది కాదు. కానీ వాడకు దక్కినదేమిటో కూడా చూడాలి. మన పల్లెల్లో భగేలా అనే పద్ధతి ఉండేది. పెళ్లికో చావుకో తండ్రి దొర దగ్గర అప్పు చేస్తే, కొడుకు జీతం కుదిరి ఆ బాకీ తీర్చాలి. వడ్డీ పెరిగేది, బాకీ తరిగేది కాదు. ఎంత తీరిందో కాగితం మీద రాసేది దొర మనిషే, వేలిముద్ర వేసేది జీతగాడు. ఈ ఒప్పందాలకు హద్దులు పెడుతూ 1936లో నిజాం సర్కారు చట్టం తెచ్చింది. తేవడం సరే, ఆ సంగతి వాడకు చెప్పేదెవరు? కాగితం చేతికిస్తే కూడబలుక్కొనైనా చదవగల పిల్లవాడు ఇంట్లో ఒకడుంటే లెక్క అడగడానికి నోరు లేస్తుంది. బడి వల్ల వాడకు జరిగిన మొదటి మేలు ఇదేనని నా లెక్క. ఉద్యోగాలు, పెంకుటిళ్లు తర్వాత వచ్చినవి.

ఆ రోజుల్లో సొంతంగా బడి పెట్టడం అంత తేలిక కాదు. ఖాన్గీ (ప్రైవేటు) బడులకు సర్కారు అనుమతి కావాలని నిబంధన పెట్టారు. దాన్ని ఎత్తేయాలని తెలుగువాళ్లు గట్టిగానే అడిగారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగింది ఇలాంటి గొడవల మధ్యే. జోగిపేట మెదక్‌కు ఎంతో దూరం కాదు.

మిషన్ పని బడులతోనే ఆగలేదు. కామారెడ్డి నుంచి రైలెక్కితే నిజామాబాద్‌కు ముందే వచ్చే డిచ్‌పల్లి కథ వేరు. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ నిజామాబాద్‌లో ఉండగా కుష్ఠురోగులు వాళ్ల గడప దగ్గరికే వచ్చేవాళ్లు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత పెద్ద మొత్తం ఇస్తే 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి తెరిచారు. జార్జ్ పాదిరి కాకముందు వడ్రంగి పని నేర్చినవాడు. అక్కడ రోగికి సూదిమందుతో పాటు తిండి, చేతికి పని కూడా చికిత్సే. ఊరు వెలివేసిన మనిషికి మళ్లీ పని చేసే చేతులున్నాయని చూపించడం అక్షరాలు నేర్పడం కంటే చిన్న చదువేం కాదు. క్రైస్తవుల ఆసుపత్రికి హిందువు డబ్బిచ్చాడన్నది ఇప్పటివాళ్లకు వింతగా ఉండొచ్చు, అప్పటివాళ్లకు కాదు.

మతం మారినందుకు నష్టాలూ లేకపోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవులైన దళితులు ఎస్సీ జాబితాకు బయటే ఉండిపోయారు. తర్వాత బి.సి.-సి కింద దక్కింది ఒక్క శాతం రిజర్వేషన్. బడి వల్ల పైకొచ్చిన కుటుంబమే సర్కారు సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంది. అన్న ఎస్సీ, తమ్ముడు బి.సి.గా రాయించుకున్న ఇళ్లు మన వైపు ఉన్నాయి. పండక్కి మాత్రం ఇద్దరూ ఒకే చర్చికి వస్తారు.

వాడకు చదువే దారి కావడానికి నీళ్లూ ఒక కారణం. నిజాంసాగర్ జలాశయం 1931లో పూర్తయింది. మన ఎల్లారెడ్డి పక్కనే కట్టినా కాలువ నీళ్లు ఎక్కువగా పోయింది బాన్సువాడ, బోధన్ వైపు. మెట్ట పొలాలు, ఎండిన చెరువులు మిగిలిన ఊళ్లలో వాడ పిల్లలకు చదువు తప్ప వేరే దారి లేకపోయింది. వాళ్లలో నర్సులు, పంతుళ్లు, రైల్వే ఉద్యోగులు అయినవాళ్లు కొందరు తిరిగొచ్చి తాము చదివిన బడిలోనే పాఠం చెప్పారు. ఉత్సవ సంచికల్లో బిషప్పుల ఫోటోలకు పేజీలు దొరుకుతాయి, ఈ పంతుళ్ల పేర్లకు మాత్రం దొరకవు. పాత హాజరు పట్టీలు ఎవరి ఇంటి అటక మీదైనా ఉంటే సంపాదక వర్గానికి అందజేయండి. వచ్చే సంచికలో ముందు పేజీ ఆ పంతుళ్లకే ఇద్దాం.