తుమ్మ కొమ్మే మా క్రిస్మస్ చెట్టు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. ఫైళ్ళ గూర్చి, పే స్కేళ్ళ గూర్చి మిత్రులు ఎలాగూ వ్రాస్తారు. నేను మా ఇంట్లో క్రిస్మస్ చెట్టును అలంకరించుకున్న తీరు గూర్చి, ఆ ఆచారం మన జిల్లాకు చేరిన దారి గూర్చి వ్రాస్తాను.

ఈ ఆచారం పుట్టినిల్లు జర్మన్ ప్రాంతం. స్ట్రాస్‌బర్గ్ నగరవాసులు ఇళ్ళలో చెట్లు నిలిపి వాటికి రంగు కాగితపు గులాబీలు, ఆపిల్ పండ్లు, చక్కెర మిఠాయిలు వ్రేలాడదీసేవారని 1605 నాటి ఒక వ్రాత చెబుతున్నది. గాజు గోళాలు తర్వాతి కాలంలో వచ్చినవే. 1848లో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలుచున్న బొమ్మను ఒక లండన్ పత్రిక వేసింది. అటు తర్వాత ఇంగ్లండులో ఈ ఆచారం బాగా వ్యాపించింది. అక్కడి నుండి వచ్చిన మిషనరీల వెంట మన దేశానికీ వచ్చింది.

మన వైపు వచ్చినది వెస్లియన్ మెథడిస్టు మిషన్. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పారు. అందుకు రాజా నర్సా గౌడ్ గారు ధన సహాయం చేశారు. పొరుగున ఉన్న మెదక్‌లో పోస్నెట్ దొర కట్టించిన పెద్ద చర్చికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 1931లో నిజాంసాగర్ పూర్తయి చెరుకు సాగు పెరిగింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోనే పెద్దదని చెప్పుకునే ఆ ఫ్యాక్టరీకి నలుమూలల నుండి కూలీలు వచ్చారు. అలా వచ్చినవారిలో మా నాయన ఒకరు.

మా చిన్నతనంలో కొన్న చెట్టు ఎరుగం. నాయన ఒక తుమ్మ కొమ్మ నరికి తెచ్చి, ఇసుక నింపిన డాల్డా డబ్బాలో నిలబెట్టేవాడు. ముల్లే కొక్కెం, వేరే దారం అక్కరలేదు. అమ్మ మైదా ఉడికించి బంక చేసి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేది. అది విషం కనుక పిల్లలను ఆ గిన్నె దగ్గరకు రానిచ్చేది కాదు. బంక తానే పూసి ఇస్తే మేము రంగు కాగితాల పట్టీలను గొలుసులుగా అంటించేవాళ్ళం. కోడిగుడ్డుకు రెండు కొసలా సూదితో బెజ్జం చేసి, సొన ఊది తీసి, డొల్లకు పసుపు, కుంకుమ రంగులు పూసేవాళ్ళం. పటికబెల్లం ముక్కలు కాగితంలో చుట్టి కట్టేవాళ్ళం. మంచుకు బదులు దూది. కొమ్మల నడుమ చెరుకు పూత వెన్నులు గుచ్చేవాళ్ళం. పూత పట్టిన చెరుకులో దిగుబడి తగ్గుతుందని రైతుకు దిగులు. మాకు మాత్రం అవే వెండి తురాయిలు. కొసన నాయన చేసిన నక్షత్రం ఉండేది. అట్ట మీద సిగరెట్ పెట్టెల తగరం కాగితం అంటించి చేసినది.

1973లో నేను నిజామాబాదులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా ఉన్నాను. ఆ ఏడు పండుగకు ఇంటికి వస్తూ ఆఫీసు నుండి గుప్పెడు ఫైలు ట్యాగులు జేబులో వేసుకుని వచ్చాను. వాటి కొసల లోహపు ముక్కలు దీపం వెలుగులో బాగా మెరుస్తాయని నా ఆశ. తమ్ముళ్ళు సంబరపడి కొమ్మ నిండా కట్టారు. నాయన డ్యూటీ దిగి వచ్చి చూశాడు.

"ఇవెక్కడియి కొడుకా?" అన్నాడు.

చెప్పాను.

"సర్కారు సొమ్ముతోని మన ఇంట్ల పండుగేంది? పొద్దుగాల్నే తీస్కపోయి ఇచ్చి రా."

కోప్పడలేదు. తానే ఒక్కొక్క ట్యాగు విప్పి నా చేతిలో పెట్టాడు. ముళ్ళు గుచ్చుకుని ఆయన వేళ్ళకు రక్తం చిమ్మింది. మొత్తం ఇరవై మూడు. మరునాడు వాటిని తీసుకుపోయి సొరుగులో పెట్టి వచ్చాను. తర్వాత 2008లో రిటైరయ్యేవరకు స్టేషనరీ సొరుగు తెరిచిన ప్రతిసారీ ఆ వేళ్ళే కళ్ళ ముందు నిలిచేవి.

2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. అది చూడడానికి నాయన లేడు. ఇప్పుడు మనవలు హైదరాబాదు నుండి ప్లాస్టిక్ చెట్టు, రంగు బల్బులు తెస్తారు. వాటిని నేను తప్పుపట్టను, పిల్లల సంతోషం వారిది. అయితే చెట్టు కొసకు మాత్రం నాయన నక్షత్రమే పెట్టాలి. అది నా పెన్షన్ కాగితాలు ఉన్న రేకు పెట్టెలోనే ఉంటుంది. తగరం అక్కడక్కడ లేచిపోయింది. పోయిన ఏడు చిన్న మనవరాలు, నేను కలిసి మైదా బంకతో దాన్ని మళ్ళీ అంటించాము.

తోటి పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. మీది ఏ పండుగైనా సరే, ఈసారి మనవలను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్క వస్తువైనా చేతులతో చేయించండి. చేస్తున్నంతసేపూ వారు మన మాట వింటారు. అప్పుడు చెప్పవలసినది చెప్పుకోవచ్చు.