99 దగ్గర ఆగిన ఆట

2023 నవంబరు. బోరబండ సైట్-3 దగ్గర చాయ్ తాగుతున్నాను. రోడ్డు మీద ప్రచారం ఆటో మైకు చెవులు హోరెత్తిస్తోంది. జూబ్లీహిల్స్ నియోజకవర్గం అనగానే బయటివాళ్లకు బంగళాలు గుర్తొస్తాయి గానీ, నాయకులు ఓట్ల కోసం తిరిగేది మా బోరబండ, ఎర్రగడ్డ, రహమత్‌నగర్ గల్లీల్లోనే. పక్క బల్ల దగ్గర డెలివరీ బ్యాగు దించుకున్న కుర్రాడు గోడ మీది పోస్టరు చూసి అడిగాడు.

"కాకా, ఈన క్రికెట్ ఆడెటోడంట గదా?"

సాసర్లో చాయ్ ఊదుకుంటున్న పెద్దాయన జవాబు చెప్పలేదు. సాసరు కిందపెట్టి, లేని బ్యాటును రెండు చేతులా పట్టుకుని, మణికట్టు చిన్నగా తిప్పాడు. ఆఫ్ స్టంపు బయట పడ్డ బంతి మిడ్ వికెట్ మీదుగా బస్టాపు వైపు పోయింది. మేమిద్దరం తలలు అటే తిప్పాం.

"మరి మ్యాచులు అమ్మిండని అంటరు?"

పెద్దాయన సాసరు మళ్లీ అందుకున్నాడు. "కోర్టు కొట్టేసింది బిడ్డా" అన్నాడు. ఈ మాట ఆయన ఇప్పటికి ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటాడో.

మహమ్మద్ అజహరుద్దీన్ మాకు అజ్జూ. విఠల్‌వాడి పిల్లాడు. ఆల్ సెయింట్స్ బడి, తర్వాత నిజాం కాలేజీ. 1984 డిసెంబరు 31న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండ్ మీద మొదటి టెస్టు ఆడి 110 కొట్టాడు. మద్రాసులో 105, కాన్పూరులో 122. తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు అంతకుముందు ఎవరూ చెయ్యలేదు, ఆ తర్వాతా ఎవరూ చెయ్యలేదు. జైసింహ రోజుల నుంచీ హైదరాబాదీ ఆటగాడికి కాలరు ఎత్తడం వచ్చు. అజ్జూ దానికి మెడలో తాయెత్తు జత చేశాడు. పరుగెత్తుతుంటే అది చొక్కాలోంచి బయటికి ఎగిరేది. మా గల్లీలో వికెట్లు ఇటుకలైనా కాలర్లు మాత్రం లేచే ఉండేవి.

ఆట మందగించడం అతనికి కొత్తేమీ కాదు. 1989లో పాకిస్తాన్ వెళ్లేనాటికి పరుగులు కరువై, జట్టులో చోటే గట్టిగా లేదు. కరాచీ టెస్టుకు ముందు రమణ్ లాంబా కాలి వేలికి దెబ్బ తగలబట్టి అజ్జూకు అవకాశం దొరికింది. ఆ టెస్టులో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు క్యాచులు పట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. పాకిస్తాన్ దిగ్గజం జహీర్ అబ్బాస్ అతని అవస్థ చూసి, బ్యాటు పట్టుకునే తీరు మార్చుకోమన్నాడు. మార్చుకున్నాడు. ఫైసలాబాద్‌లో 109 కొట్టాడు. పరుగులు రాకపోతే చేతుల వంక చూసిన రోజులవి. ప్రత్యర్థి దేశపు మనిషి కూడా చేతులే చూశాడు.

ఆ తర్వాత కెప్టెన్సీ వచ్చింది, లార్డ్స్‌లో 121 వచ్చింది, మూడు ప్రపంచకప్పులకు నాయకత్వం వచ్చింది. 47 టెస్టుల్లో 14 గెలుపులు, అప్పటికి భారత కెప్టెన్లలో అవే ఎక్కువ.

1996 మార్చి 13న ఈడెన్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్. టాస్ గెలిచి శ్రీలంకకు బ్యాటింగ్ ఇచ్చాడు. పిచ్ పగిలింది, మన స్కోరు 98కి 1 నుంచి 120కి 8 అయింది, జనం సీసాలు విసిరారు, మ్యాచ్ లంకకు ఇచ్చేశారు. అజ్జూ సున్నా. ఆ రాత్రి తిట్టిన తిట్లన్నీ తెలివితక్కువతనానికి తిట్టినవే. పదిహేనేళ్ల తర్వాత ఆ జట్టులో ఆడిన వినోద్ కాంబ్లీ ఆ టాస్ మీదే అనుమానం లేవదీశాడు. అది జట్టంతా కలిసి తీసుకున్న నిర్ణయమని అజ్జూ బదులిచ్చాడు. నా మట్టుకు నాకు అందులో వింత కనబడదు. పదకొండు రోజుల ముందే ఢిల్లీలో మనం 271 కొడితే లంక దాన్ని ఛేదించి పడేసింది. అలాంటి జట్టుకు మళ్లీ ఛేదన ఇవ్వకూడదని ఏ కెప్టెన్ అయినా అనుకుంటాడు. తప్పు లెక్కే కావచ్చు, కానీ లెక్కే.

కెప్టెన్సీ సచిన్‌కు వెళ్లాక ఇంకో గుసగుస పుట్టింది: సచిన్ కింద అజ్జూ మనసు పెట్టి ఆడటం లేదట. కలకత్తాలో మోచేతికి దెబ్బ తగిలి బయటికి వెళ్లి, తిరిగొచ్చి, దక్షిణాఫ్రికా బౌలర్ క్లూస్నర్‌ను వరసగా ఐదు ఫోర్లు బాది, 74 బంతుల్లో సెంచరీ చేసింది సచిన్ కెప్టెన్సీలోనే. 1997 జనవరిలో కేప్‌టౌన్‌లో 115 కూడా అప్పుడే. కానీ గుసగుసకు స్కోరుబోర్డు అక్కర్లేదు.

ఏం చేసినా అనుమానమే మిగిలే ఈ బాధ సైకిల్ పందాల వాళ్లకు ఇంకా బాగా తెలుసు. ఇటలీ రైడర్ మార్కో పంటానీ 1998లో ఇటలీ పెద్ద పందెం జిరో, టూర్ ద ఫ్రాన్స్ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. 1999 జూన్ 5 పొద్దున రక్తం తీసి చూస్తే ఎర్రకణాల పాళ్లు అనుమతించిన 50 శాతం దాటాయి. జిరోలో అందరికన్నా ముందున్నవాణ్ని అక్కణ్నుంచే ఇంటికి పంపేశారు. ఇక అలాంటివాడు కొండ ఎక్కితే ఏదో ఎక్కించుకున్నాడంటారు, ఎక్కలేకపోతే ఎక్కించుకోవడం మానేశాడంటారు. 2004 ఫిబ్రవరి 14న రిమినీలో ఒక హోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. వయసు 34.

అజ్జూ ఆఖరి టెస్టు 2000 మార్చిలో, బెంగళూరులో, దక్షిణాఫ్రికా మీద. 1999 ప్రపంచకప్ తర్వాత పక్కనపెట్టి, మళ్లీ పిలిచారు. మొదటి ఇన్నింగ్స్‌లో 9. రెండోదాంట్లో ఓటమి ఖాయమైపోయాక 102. అవతలి కెప్టెన్ హాన్సీ క్రోన్యే. నెల తిరిగీ తిరక్కముందే, ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు బుకీతో క్రోన్యే ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. జూన్‌లో క్రోన్యే కింగ్ కమిషన్ ముందు అజ్జూ పేరు చెప్పాడు, 1996 కాన్పూరు టెస్టప్పుడు తనకు బుకీని పరిచయం చేసింది అజ్జూయేనని. నవంబరులో సీబీఐ నివేదిక వచ్చింది. డిసెంబరు 5న క్రికెట్ బోర్డు అతన్ని జీవితకాలం నిషేధించింది. అజ్జూ ఆరోపణలను కాదన్నాడు.

ఆ వారం మా అన్న గోడ మీది పోస్టరు పీకేశాడు. స్పోర్ట్‌స్టార్ నడిమి పేజీ అది, మైదాపిండితో అంటించింది. సగం వచ్చింది, సగం సున్నం పెచ్చుతో పాటు ఊడింది. తాయెత్తు ఉన్న ముక్క మాత్రం గోడకే ఉండిపోయింది. ఆ తర్వాత ఇంట్లో పాత మ్యాచులన్నీ మళ్లీ ఆడారు. ఆ రనౌట్ ఏమిటి, ఆ స్వీప్ ఎందుకు, ఆ రోజు నవ్వాడెందుకు? ఒక్కో అవుటుకూ ఒక్కో ధర కట్టారు. నేనూ కట్టాను. అందులో ఎవరిమీదా నింద వేయడానికి నాకు ముఖం లేదు.

నిషేధం మీద అజ్జూ వేసిన కేసు 2003లో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో వీగిపోయింది. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదని చెప్పింది. అప్పటికి అజ్జూకు 49 ఏళ్లు. ఆ తీర్పుతో మళ్లీ బ్యాటు పట్టే వయసు కాదు.

తర్వాత చాలా వచ్చాయి. తీర్పుకు ముందే, 2009లో మొరాదాబాద్ అతన్ని ఎంపీగా పంపింది. 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు. ఆ చాయ్ తాగిన నెలాఖరున పోలింగ్ జరిగింది, జూబ్లీహిల్స్‌లో ఓడిపోయాడు. 2025 అక్టోబరు 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు. వందో టెస్టు మాత్రం ఏ కోర్టూ, ఏ ఓటరూ ఇవ్వగలిగింది కాదు. తొలి టెస్టులోనూ ఆఖరి టెస్టులోనూ సెంచరీ కొట్టినవాళ్లు ప్రపంచం మొత్తంలో ఐదుగురే. అందులో భారతీయుడు అతనొక్కడే. టెస్టులు 99, పరుగులు 6,215, ఆఖరి ఇన్నింగ్స్ 102.