జాషువా ఇల్లు: వినుకొండ నుంచి ‘గబ్బిలం’ దాకా

మహాకవి గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉంది ఇప్పుడీ పట్టణం. తండ్రి వీరయ్య యాదవ, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవం తీసుకున్న కుటుంబం. బడిలో కులం పేరుతో హేళనలు ఎదుర్కొన్నారు. పురాణ కథలపై పద్యాలు రాస్తున్నాడని క్రైస్తవులు, అంటరానివాడని సవర్ణులు ఇద్దరూ దూరం పెట్టారు.

సీత అపహరణ వార్తను రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని స్థలపురాణం. ఆ ఊళ్లోనే ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, ఈయన్ని లోపలికి ఎందుకు రానిచ్చారని గొడవ చేశారు. బ్రహ్మనాయుడి చాపకూడు గురించి, సేనలు నడిపిన మాల కన్నమదాసు గురించి గర్వంగా పాడుకునే పల్నాడు ఇది! కారంపూడిలో ఆ వీరులకు ఏటా ఉత్సవాలు కూడా జరుగుతాయి.

బతుకుతెరువు ఆయన్ని ఒకచోట నిలవనివ్వలేదు. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతం. అదీ పోతే రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివారు. తర్వాత గుంటూరులో లూథరన్ శిక్షణాలయం. 1928 నుంచి 1942 వరకు ప్రభుత్వ పాఠశాలల్లో ఉద్యోగం. 1957-59లో మద్రాసు రేడియో.

ఆయన కట్టిన ఇళ్లలో ఎక్కువమందికి తెలిసినది మాత్రం 1941 నాటి ‘గబ్బిలం’లో ఉంది. తంజావూరు ప్రాంతపు చర్మకారుడి కొంప అది. రాత్రి ఒక గబ్బిలం లోపలికి వస్తుంది. దాని రెక్కల గాలికి చిన్న ఆముదపు దీపం ఆరిపోతుంది. ఆ చీకట్లోనే ఆయన తన బాధను శివుడికి చెప్పి రమ్మని దాన్ని వేడుకుంటాడు. ఆయన్ని రానివ్వని గుడిలో గబ్బిలం వేలాడవచ్చు మరి. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికితే, ఈ మనిషికి దొరికింది అందరూ అపశకునమనే జీవి. కులం గురించి తెలుగులో ఇంత సూటి వాదన మరొకటి నాకు కనిపించలేదు.

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఈయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. వినుకొండ బాల్యం గురించి చదవాలనుకునే విద్యార్థులు ఆయన ఆత్మకథ ‘నా కథ’తో మొదలుపెట్టవచ్చు, అది కూడా పద్యమే.