పద్మరాగ శబ్దము, పద్పరాజ రత్నము: నామచరిత్రయు కొనువాని వివేకమును

సింహళద్వీపమున లభించు రత్నములలో గులాబి, నారింజ వన్నెలు రెండును ఒకదానిలో నొకటి కరగిపోయినట్లు కనబడు అరుదైన రాయి యొకటి కలదు. దానిని నేటి వర్తకులు 'పద్పరాజ' యందురు. ఈ పేరు మన 'పద్మరాగ' శబ్దమునకు వికృతి. ఈ నామసామ్యము రెండు పొరపాట్లకు దారి తీయుచున్నది. మొదటిది చదువరిది: ప్రాచీన గ్రంథములలో పద్మరాగ మన్న చోటనెల్ల ఈ నారింజ వన్నె రాతిని ఊహించుకొనుట. రెండవది కొనువానిది: పేరునకు వెల యిచ్చి రాతిని విచారింపకుండుట. కొలది ధనము కూడబెట్టుకొని జీవితమున ఒక్క రాతిని కొనదలచినవానికి ఈ రెండవ పొరపాటు చిన్నది కాదు. పేరు స్థిరముగా నుండుననియు, వస్తువు దానిని వెన్నంటి యుండుననియు తలచుటయే రెండింటికిని మూలము. పేరు ఒక రాతినుండి మరియొక రాతికి ఎట్లు నడచివచ్చినదో చూపి, అందువలన కొనువాడు గ్రహింపవలసినదేమో తెలుపుట ఈ వ్యాసోద్దేశము.

1. శాస్త్రములందలి పద్మరాగము

అమరసింహుడు పద్మరాగమునకు శోణరత్నము, లోహితకము అను పర్యాయపదముల నిచ్చినాడు. ఈ రెండును ఎఱుపును చెప్పు మాటలే. బుద్ధభట్టుని రత్నపరీక్ష బలాసురుని రక్తమునుండి ఈ రత్నము పుట్టినదనియు, సింహళమునందలి రావణగంగ దానికి ఆకరమనియు చెప్పుచున్నది. రక్తమునుండి పుట్టినదన్న కథయే దాని వన్నెను తెలుపుచున్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో సౌగంధికము, కురువిందము, స్ఫటికము అను మూడింటినుండి పద్మరాగోత్పత్తిని చెప్పెను. తెలుగున పద్మరాగ మనగా కెంపే. నవరత్నములలో సూర్యునికి చెప్పబడినదియు అదియే.

అయితే మన శాస్త్రకారులు వన్నెను పట్టి రాతిని విభజించిరే గాని ద్రవ్యమును పట్టి కాదు. దాడిమబీజము, ఇంద్రగోపము, బంధూకపుష్పము, గురివింద గింజ మొదలగు ఉపమానములతో వారు ఎఱుపునందలి భేదములను చెప్పిరి. కావున నారింజచాయ గల రాయి యొకటి పద్మరాగ భేదములలో చేరియుండుట అసంభవము కాదు. కాని పద్మరాగమే పద్పరాజ యనుట మాత్రము చెల్లదు.

ద్రవ్యమును పట్టి చూచినచో కెంపు, నీలము, కనకపుష్యరాగము, పద్పరాజ, ఇవన్నియు ఒకే ఖనిజము. అల్యూమినియమ్ ఆక్సైడు యొక్క స్ఫటికములు. ఆ ఖనిజమునకు పాశ్చాత్యులు పెట్టిన 'కోరండమ్' అను పేరు గూడ మన కురువింద శబ్దమునకును, తమిళుల కురుంద శబ్దమునకును సంబంధించినదే. ఒకే ఖనిజమునకు మన భాషలు రెండు పేర్ల నొసగినవి: ఒకటి జాతికి, మరియొకటి దాని యొక భేదమునకు.

2. నామసంచారము

'పద్పరాజ' యొక్క రోమను వర్ణక్రమము జర్మను సంప్రదాయమునకు చెందినది. డి, ఎస్, సి, హెచ్ అను నాలుగక్షరములను కలిపి జర్మనులు జకారమును వ్రాయుదురు. మన శబ్దమునందలి గకారము ఇందు జకారమైనది. మకారము స్థానమున పకారము వచ్చినది. శబ్దము మారుటతో అర్థమును మారి, కెంపునకు చెందిన పేరు నారింజ వన్నె రాతికి సంక్రమించినది.

సంచారము అంతటితో ఆగలేదు. 1902లో ఫ్రెంచి రసాయనవేత్త వెర్నూయి కృత్రిమముగా కెంపును చేయు విధానమును వెల్లడించెను. తరువాత నారింజ వన్నె కృత్రిమ రాళ్ళు గూడ ఈ పేరుతోనే అమ్ముడుపోయినవి. టాంజానియాలోని ఉంబా లోయలో లభించిన గోధుమచాయ నారింజ రాళ్ళకును 'ఆఫ్రికా పద్పరాజ' యని వర్తకులు పేరు పెట్టిరి.

ఈ అవ్యవస్థను చక్కబెట్టుటకు 1983లో అమెరికా రత్నశాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రౌనింగ్‌షీల్డ్ ఈ పేరును గూర్చి యొక వ్యాసము వ్రాసెను. లేతనుండి నడిమి చాయవరకు గల గులాబి-నారింజ వన్నెలకే ఈ పేరు చెల్లవలెననియు, గోధుమచాయ గలవియు, ముదురు నారింజ-ఎఱుపు గలవియు దీనికి తగవనియు ఆయన నిర్ణయించెను. అటుపిమ్మట పలు దేశముల ప్రముఖ పరీక్షాలయములు కలసి ఏర్పరచుకొనిన లక్షణము ప్రకారము రాయి ఏ దేశమునందు పుట్టినను, వన్నె సరిపడినచో ఈ పేరునకు అర్హమే. సింహళ జన్మము గొప్ప గాని, లక్షణము కాదు.

3. అగ్నిచేతను, వెలుతురుచేతను పరీక్ష

ఈ రాతియందలి గులాబి వన్నె క్రోమియమ్ వలన కలుగును. నారింజ వన్నెకు వలసిన పసుపు స్ఫటికమునందలి వర్ణకేంద్రముల వలన కలుగును. ఈ భేదము తెలిసినవానికి తరువాతి చరిత్ర సుబోధమగును.

2001వ సంవత్సరాంతమున థాయ్‌లాండునుండి ఇట్టి వన్నె రాళ్ళు విపరీతముగా అంగళ్ళకు వచ్చెను. 2002 జనవరిలో అమెరికా వర్ణరత్న వర్తక సంఘము కొనువారిని హెచ్చరించెను. సామాన్యమైన గులాబి రాళ్ళను బెరీలియమ్ గల ఖనిజముతో చేర్చి, సుమారు 1800 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో కాల్చుచున్నారని తరువాత తేలినది. బెరీలియమ్ రాతిలోనికి చొచ్చి పసుపును పుట్టించును. తొలినాటి రాళ్ళను ద్రవమునందు ముంచి చూచినచో గులాబి నడిమిభాగము చుట్టును నారింజ పొర కనబడెడిది. లోతుగా చొచ్చిన రాళ్ళయందు ఆ గుర్తు ఉండదు. ప్రయోగశాలలోని సూక్ష్మ సాధనములే దానిని పట్టగలవు.

రెండవ చిక్కు 2016 తరువాత వచ్చినది. మడగాస్కర్‌లోని అంబటోండ్రజాకా ప్రాంతపు రాళ్ళు కొన్ని గనినుండి వచ్చినపుడు పద్పరాజ వలెనే యుండి, కొన్ని వారములు వెలుతురు సోకగానే నారింజ నశించి గులాబి రాళ్ళుగా మిగిలెను. క్రోమియపు గులాబి నిలిచినది. వర్ణకేంద్రముల పసుపు నిలువలేదు. ఇందు మనుష్యుని మోసము లేదు. రాతి స్వభావమే అట్టిది. కావున పరీక్షాలయములు వర్ణస్థైర్య పరీక్షను గూడ చేయ మొదలిడినవి.

4. అల్పధనుని మార్గము

పై చరిత్రనుండి మేము గ్రహించిన దిది: ధనము తక్కువైనపుడు వదలుకొనదగినవి కొన్ని, వదలుకొనరానివి కొన్ని కలవు.

వదలుకొనదగినది మొదట పరిమాణము. క్యారటు అనగా 200 మిల్లీగ్రాములు. పూర్ణాంకము దాటగానే క్యారటొక్కింటి వెల పెరుగుట అంగడి ధర్మము. 0.90 క్యారటు రాతికిని 1 క్యారటు రాతికిని, తీరు ఒక్కటే యైనచో, అడ్డుకొలతలో భేదము నూటికి నాలుగు పాళ్ళకు మించదు. కంటికి ఆనని ఈ భేదమునకు ధనము పోయుట వ్యర్థము. రెండవది జన్మస్థానము: వన్నె నిలుకడ గల మడగాస్కర్ రాయి సింహళపు రాతికి తీసిపోదు. మూడవది, పైనుండి చూచినపుడు అడ్డురాని చిన్న అంతర్దోషము. నాలుగవది, కాల్చబడకుండుట. బెరీలియమ్ వంటి అన్యద్రవ్యము చేర్పక కేవలము కాల్చబడి, ఆ సంగతి పత్రమున చెప్పబడిన రాయి చౌకగా దొరకును. దానిని కొనుట తప్పు కాదు.

వదలుకొనరానిది వన్నె. రాతిని తెల్లని కాగితముపై నుంచి పగటి వెలుతురున చూడవలెను. అంగడి దీపముల పసుపు కాంతిలో గులాబి రాయియు నారింజగా కనబడును. మూసిన బంగారు కట్టులోని రాయియు కొంత పసుపును అరువు తెచ్చుకొనును; కావున విడిరాతినే పరీక్షింపవలెను. గోధుమచాయ ఏ మాత్రమున్నను విడువవలెను. గులాబి ఒక ప్రక్క, నారింజ మరియొక ప్రక్క స్పష్టముగా విడివడియున్న రాయియు తగదు.

తరువాత చెక్కడము. సింహళమున చెక్కిన రాళ్ళు కొన్ని బరువు పోకుండుటకై అడుగున లావుగా నుండును. కనబడని బరువునకు గూడ కొనువాడే వెల యిచ్చును. అడుగు పలుచనైన రాతియందు నడుమ వెలవెలబోయిన కిటికీ కనబడును. రెండును కొఱతలే.

అన్నిటికంటె ముఖ్యము పరీక్షాపత్రము. అందు బెరీలియమ్ ప్రసారము లేదనియు, వన్నె నిలుకడ గలదనియు స్పష్టముగా నుండవలెను. అమ్మువాని మాటగాని, పెట్టెపై వ్రాసిన పేరుగాని దానికి సమము కాదు. చిన్న రాతికి పరీక్షారుసుము భారమై తోచవచ్చును. అయినను మొత్తము ధనమునందు దానిని ముందుగా తీసియుంచి, మిగిలిన దానితో రాతిని వెదకుటయే క్షేమము.

ఉపసంహారము

పద్మరాగ శబ్దము కెంపునకు పుట్టి, విదేశీయుల లిపిలో రూపము మార్చుకొని, కృత్రిమ శిలలకును, గోధుమచాయ రాళ్ళకును చెల్లి, తుదకు ఒక సన్నని వర్ణపరిధిలో నిలువబడినది. ఇట్లు పలుమారులు చేతులు మారిన పేరు ప్రమాణము కాజాలదు. నిఘంటుకర్తకును, వ్యాఖ్యాతకును మా మనవి యేమనగా, ప్రాచీన పద్మరాగమును కెంపుగానే గ్రహింపవలెను. కొనువానికి మనవి యేమనగా, పేరును వర్తకునికే విడిచి, వెలుతురున నిలిచిన వన్నెకు మాత్రమే వెల నీయవలెను. మన పూర్వులు తమ శాస్త్రమునకు రత్నపరీక్ష యని పేరు పెట్టిరి. రాతి గొప్పకంటె దానిని పరీక్షించుటయే ముందని ఆ పేరే చెప్పుచున్నది.