కుర్చీ వెనుక నంబరు

గుమాస్తాగా 36 ఏళ్లు కుర్చీలో గడిపినవాణ్ణి గనుక, ఈ ప్రత్యేక సంచికకు కుర్చీల చరిత్రే రాస్తున్నాను.

1947 దేశ విభజనలో లాహోరు పాకిస్తానుకు పోయింది. మన వైపు పంజాబుకు కొత్త రాజధానిగా చండీగఢ్ నిర్మాణాన్ని 1951లో లె కార్బూజియే చేపట్టాడు. ఆయన వచ్చి వెళుతుండేవాడు. వరుసకు సోదరుడైన పియర్ జాన్‌రే అనే ఆర్కిటెక్టు మాత్రం 1965 దాకా అక్కడే ఉండి పనులు నడిపించాడు.

సెక్రటేరియట్, హైకోర్టు, యూనివర్సిటీలకు వేల కుర్చీలు, బల్లలు కావలసివచ్చాయి. జాన్‌రే తన బృందంతో నమూనాలు గీసి స్థానిక వడ్రంగులచేత చేయించాడు. చెదలకూ తేమకూ తట్టుకునే టేకు, గాలి ఆడే పేము అల్లిక. కాళ్లు వృత్తలేఖిని విప్పి నిలబెట్టినట్టు ఉంటాయి. పెద్దల కుర్చీలు కొన్నిటికి తోలు దిండ్లుండేవి.

కాలక్రమాన పేము తెగింది. కుర్చీలు గుట్టలుగా పడ్డాయి. పాత సామాను కింద వేలం వేశారు. విదేశీ వర్తకులు కొని, బాగుచేయించి, పారిస్, న్యూయార్కులలో లక్షల రూపాయలకు అమ్ముకున్నారు. చివరకు 2011లో కేంద్ర హోంశాఖ ఆ సామాను అమ్మకాన్నీ ఎగుమతినీ ఆపమని ఉత్తర్వులిచ్చింది.

మొన్న మా మనవడు ఫోనులో ఆ కుర్చీ ఫోటో చూపించాడు. వెనుక రంగుతో రాసిన ఆఫీసు అక్షరాలు, నంబరు! నా మనసు చివుక్కుమంది. స్టోర్సు సీటులో ఉండగా మా అటెండరు కుంచెతో అలాగే నంబర్లు వేస్తే, నేను డెడ్ స్టాక్ రిజిస్టరులో ఎక్కించేవాణ్ణి. తడి రంగు చొక్కాలకంటి తిట్లు తినేవాళ్లం. ఇప్పుడా నంబరే కుర్చీ అసలుదని చెప్పే ఆనవాళ్లలో ఒకటట!

పేము తెగిన కుర్చీలను నేనూ “పనికిరానివి” అని జాబితా రాశాను. తిరిగి అల్లించడానికి ఎంతవుతుందని ఒక్కనాడూ అడగలేదు. మా రిజిస్టరులో ధరకు గడి ఉంది, తేదీకి గడి ఉంది. చేసిన వడ్రంగి పేరుకు గడి లేదు. చండీగఢ్ కుర్చీల గురించి నేను చదివిన వార్తల్లోనూ జాన్‌రే పేరే గాని వడ్రంగుల పేర్లు కనబడలేదు.

మీ ఆఫీసు కుర్చీలు చేసిన వడ్రంగి పేరు ఎవరికైనా గుర్తుంటే సంఘానికి రాసి పంపండి. ఆ గడి మనమే నింపుదాం.