మృతులు – సత్యము

‘దే మోర్తుయిస్ నిల్ నిసి బోనుమ్’: మృతులను గూర్చి మంచి తప్ప మరేమియు పలుకరాదు. ఈ లాటిన్ సూక్తికి పుట్టినిల్లు రోము కాదు, గ్రీసు.

క్రీ.పూ. 6వ శతాబ్దికి చెందిన స్పార్టా జ్ఞాని ఖిలోన్ బోధలలో ఒకటిగా దీనిని దియోజెనీస్ లయర్తియస్ తన తత్త్వవేత్తల చరిత్రలో పేర్కొన్నాడు. ఆ గ్రంథమును అంబ్రోజియో త్రవెర్సారి అను ఇటలీ సన్న్యాసి 1433లో లాటినులోనికి పరివర్తించిన పిదప సూక్తి ఐరోపాలో ప్రచారమునకు వచ్చినది.

గ్రీకు మూలము చెప్పినది మృతుని దూషింపవలదని మాత్రమే. బదులు చెప్పలేని వానిపై నింద మోపుట అన్యాయము గదా! ఏథెన్సులో సోలోన్ అట్టి దూషణను శాసనముచే నిషేధించినట్లు ప్లూటార్కు వ్రాసినాడు. లాటిన్ వాక్యము ఈ నిషేధమును దాటిపోయినది. దూషింపకుమనుట వేరు, పొగడుటకు తప్ప నోరు విప్పకుమనుట వేరు. ఈ రెంటి నడుమనే సత్యమునకు చోటున్నది. అనువాదము ఆ చోటును మూసివేసినది. 1719లో వోల్టేరు దీనికి ఎదురు నిలిచి, మృతులకు చెల్లింపవలసిన ఋణము సత్యమేనని వాదించినాడు.

ఈ వివేకము భారతీయులకు క్రొత్త కాదు. వాల్మీకి యుద్ధకాండలో, వైరము మరణముతో ముగిసినదని విభీషణునితో చెప్పి రావణునకు సంస్కారము జరిపింపుమన్న రాముడు అతని అధర్మమును దాచలేదు, శౌర్యమును మరువలేదు. గతించిన కవిని గూర్చి వ్రాయు విమర్శకునకు ఇంతకంటె మేలుబంతి లేదు. కవి బదులు చెప్పలేడు గనుక నింద కూడదు. కావ్యము బ్రతికియున్నది గనుక మౌనమును కూడదు.