ఖలం చెక్కిన చాకు

తాండూరులో మా దాదీ సందూక్ అడుగున ఒక మడత చాకు ఉండేది. 1948 పోలీస్ యాక్షన్ రోజుల్లో ఎవరైనా హథియార్ అనుకుంటారేమోనని గుడ్డలో చుట్టి దాచారట. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలు మొదలైనప్పుడు ఒక దొర మా పర్‌దాదాకు ఇనామ్‌గా ఇచ్చాడని ఖాందాన్‌లో కిస్సా. మా చాచా ప్రతి ఈద్‌కూ చెప్పేవారు.

మొన్న దాన్ని బయటికి తీశాను. చాకు ఉమర్ తెలియాలంటే బ్లేడు పిడిలోకి దూరే చోట ముద్ర చూడాలి. చుక్క నూనె వేసి, టార్చి ఏటవాలుగా పట్టాను. ఒక నక్షత్రం, ఒక సిలువ కనిపించాయి. షెఫీల్డులోని జోసెఫ్ రాడ్జర్స్ కంపెనీ నిషాన్ అది. పైన కిరీటం, దానికి అటూ ఇటూ జి, ఆర్ అక్షరాలు. అంటే జార్జి రాజు. 1874లో తఖ్త్ మీద ఉన్నది విక్టోరియా రాణి. ఆమె కాలపు చాకైతే వి, ఆర్ ఉండాలి. చాచా కిస్సా అక్కడే ఆగిపోయింది.

1830లో పోయిన నాలుగో జార్జి కాలానిదేమో? కాదు, కింద ‘ఇంగ్లండ్’ అని ఉంది. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వల్ల, మరుసటి ఏడాది నుంచి అక్కడికెళ్లే సరుకుపై దేశం పేరు తప్పనిసరైంది. చాకులపై ఆ మాట మామూలైంది ఆ తర్వాతే. కాబట్టి ఇది 1910లో గద్దెనెక్కిన ఐదో జార్జి కాలానిది, లేదా ఆ తర్వాతిది.

ఇక నమూనా. మూస్తే మూడంగుళాలు. ఒక కొసన పెద్ద బ్లేడు, రెండో కొసన చిన్నది. ఇంగ్లీషులో పెన్‌నైఫ్, మన జబాన్‌లో ఖలంతరాష్. పెద్ద బ్లేడు కొత్తదానిలా ఉంది. చిన్నది మాత్రం నూరి నూరి సగం అరిగిపోయింది.

పర్‌దాదా వికారాబాద్ కచేరీలో ముహర్రిర్. 1884 నుంచి నిజాం సర్కారు దఫ్తర్ల భాష ఉర్దూ. నస్తాలీఖ్ రాయాలంటే రెల్లు ఖలం ముక్కును ఏటవాలుగా కోయాలి, మధ్యలో చీల్చాలి. రాస్తుంటే మొద్దుబారుతుంది, మళ్లీ కోయాలి. ఆ బ్లేడు అరిగింది అందుకే.

చాచాకు చెబితే, “ఇనామ్ కాదంటావ్, ఇజ్జత్ తీశావ్ కదరా” అన్నారు. చాకు ఆయన చేతిలో పెట్టాను. చిన్న బ్లేడు మీద చాలాసేపు వేలు ఆనించి, “ఎన్ని అర్జీలు రాసి ఉంటాడో” అన్నారు.

మీ ఇళ్లలో ఇలాంటివి ఉంటే ఇసుకతో, బూడిదతో తోమకండి. తుప్పుతోపాటు తారీఖ్ కూడా పోతుంది.